ఆయమ్మ ఇల్లు చేరేదాకా బాధ్యత మనదే

సంపాదకులు గారికి,

నేను కొండాపూర్‌లో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా రెండేళ్ల పాపను చూసుకోవడానికి బోరబండ నుంచి ఒక అక్క వస్తుంది. ఆమె పని ఏడింటికి అయిపోవాలి. కానీ నా మీటింగ్ సాగితే ఎనిమిది, మా ఆయనకూ ఆలస్యమైతే తొమ్మిదిన్నర. "అక్కా, ఇంకో అరగంట" అనేదాన్ని. "సరే అమ్మా, పాప పడుకుంది" అనేది.

మొన్న జులైలో ఒక వాన రాత్రి పది కావస్తుండగా బయలుదేరింది. గొడుగు చేతికిచ్చి తలుపేసుకున్నాను. పదకొండున్నరకు వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. "మేడమ్, అమ్మ ఇంకా మీ ఇంట్లోనే ఉందా?" నా కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. ఆమె ఫోన్ స్విచాఫ్. మా ఆయన బండి తీసుకుని వెతకడానికి వెళ్లారు.

షేర్ ఆటో దొరక్క నడుస్తుంటే బండి మీద ఇద్దరు వెంటపడ్డారట. తెరిచి ఉన్న ఒక మందుల షాపులోకి వెళ్లి, అది మూసేదాకా అక్కడే కూర్చుంది. షాపతనే ఇంటి దగ్గర దించాడు. మర్నాడు మామూలుగానే పనికొచ్చింది. నేను గుచ్చి గుచ్చి అడిగితే, "మీరు టెన్షన్ పడతారని చెప్పలేదమ్మా" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

నాకు రాత్రి ఆలస్యమైతే కంపెనీ క్యాబ్ వస్తుంది. చివర దిగేది ఆడమనిషైతే వెంట గార్డు ఉంటాడు. ఆడవాళ్లకు నైట్ షిఫ్టు వేస్తే రవాణా ఇవ్వాలని ఐటీ కంపెనీలకు ప్రభుత్వమే షరతు పెట్టింది. నా కోసం ఆగిపోయిన మనిషికి ఆ ఏర్పాటు నేను చేయొద్దా? 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం ఇల్లు కూడా పనిచేసే చోటే. పనివాళ్లు ఫిర్యాదు చేయడానికి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. ఈ సంగతి నాకూ ఆ రాత్రి తర్వాతే తెలిసింది.

మా గేటు దగ్గర పనివాళ్లు వెళ్లేటప్పుడు బ్యాగు చూస్తారు, టైము రాస్తారు. ఇంటికి చేరారో లేదో అడిగేవాళ్లు లేరు. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఈ మాట ఎత్తితే "బస్సు ఫ్రీయే కదా" అన్నారొకరు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమే. కానీ రాత్రి పదింటికి బస్టాప్ దాకా నడవాలి, దిగాక చీకటి గల్లీలో నడవాలి. "ఆ పూటకి ఇక్కడే పడుకోమనండి" అన్నారు ఇంకొకరు. ఆమెకూ ఇల్లుంది, మంచం మీదున్న అత్త ఉంది.

ఇప్పుడు ఏడున్నర దాటితే నేనే క్యాబ్ బుక్ చేసి, బండి నంబరు వాళ్లబ్బాయికి పంపుతున్నాను. చవకని మొదట బైక్ ట్యాక్సీ అన్నాను. ఆమె ఎక్కనంది, సరే అన్నాను. ఆ డబ్బు జీతంలో కోయను, ఆగిన గంటలకు విడిగా ఇస్తాను. ఇల్లు చేరగానే ఫోన్ చేస్తుంది, అప్పటిదాకా నేను పడుకోను.

మా బ్లాకుల నుంచి బోరబండ వైపు వెళ్లేవాళ్లు ఐదుగురున్నారు. ఎనిమిది దాటాక వాళ్లందరికీ కలిపి ఒక ఆటో మాట్లాడదామని ఈ ఆదివారం అసోసియేషన్ మీటింగులో అడగబోతున్నాను. మిగతా అపార్ట్‌మెంట్ల వాళ్లు కూడా ఆలోచించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కొండాపూర్, హైదరాబాద్