పాత మాన్యువల్ లెన్స్ దొరికినవాళ్లకి

నిన్న గ్రూపులో ఒక పాత మాన్యువల్ (చేత్తో ఫోకస్ తిప్పే) లెన్స్ ఫోటో పెట్టి "ఇది ఏ లెన్స్?" అని అడిగారు కదా. ముందువైపు పేరు చూసి చెప్పడం కష్టం, వెనకవైపు ఫోటో పెట్టండి. మనకి కావాల్సింది మౌంట్, అంటే లెన్స్ కెమెరాకి తగులుకునే భాగం. వెనక మరలాగా తిరిగే గాడులుంటే అది చాలావరకు ఎం42, అంటే 42 మి.మీ. వ్యాసం. 39 మి.మీ. మరవి కూడా ఉంటాయి, కొలవకుండా అడాప్టర్ (పాత లెన్స్‌ని వేరే మౌంట్ కెమెరాకి కలిపే రింగు) కొనకండి. నేను కంటి అంచనాతో కొన్న అడాప్టర్ ఇప్పుడు పేపర్ వెయిట్‌గా పనికొస్తోంది!

మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా బాడీలకి ఈ పాత లెన్స్‌లు దాదాపు అన్నీ సరిపోతాయి. సెన్సార్‌కీ మౌంట్‌కీ మధ్య దూరం తక్కువ కాబట్టి ఆ ఖాళీని అడాప్టర్ నింపుతుంది. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) వాళ్లకే చిక్కు. దాని దూరం 46.5 మి.మీ., ఎం42కి కావాల్సింది 45.46. ఆ ఒక్క మిల్లీమీటరు తేడాకే, మధ్యలో చిన్న గాజు లెన్స్ లేని అడాప్టర్‌తో దూరపు కొండలు ఫోకస్ కావు.

కొనేముందు సెల్‌ఫోన్ టార్చ్ వెనకనుంచి వేసి ముందునుంచి చూడండి. సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే ఫంగస్, వదిలేయండి. నాలుగు ధూళి కణాలకి టెన్షన్ అక్కర్లేదు. అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) రేకుల మీద నూనె మెరుస్తోందా, అదీ చూడండి.

కెమెరా మెనూలో 'లెన్స్ లేకుండా షటర్' ఆన్ చేయకపోతే చాలా బాడీలు క్లిక్ కొట్టవు. బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సర్దే ఏర్పాటు) ఉంటే ఫోకల్ లెంగ్త్, అంటే లెన్స్ మీద మి.మీ.లో రాసుండే అంకె, మెనూలో చేత్తో ఇవ్వాలి. లెన్స్ మీద ఏ/ఎం (ఆటో/మాన్యువల్) స్విచ్ ఉంటే ఎంలో పెట్టండి, లేకపోతే కొన్ని అడాప్టర్లతో అపర్చర్ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. ఫోకస్‌కి పీకింగ్ రంగుని (ఫోకస్ అయిన అంచుల మీద కెమెరా తెరలో చూపించే రంగు) పూర్తిగా నమ్మకండి, మనిషిని తీస్తుంటే కనురెప్పల మీద జూమ్ చేసి ఫోకస్ రింగు తిప్పండి.

వెనక ఫోటో ఎప్పుడు పెడుతున్నారు?