గోదాం కప్పు నీళ్ళు: సైఫనిక్కా, మామూలు పైపులా?

ఒరేయ్,

గోదాం కప్పు మీది వాన నీళ్ళు దింపే పనికి నువ్వు పంపిన కొటేషన్లు రెండూ రాత్రి కూర్చుని చదివాను. సైఫనిక్‌ది, అంటే పైపు నిండా నీళ్ళు పారించి లాగే పద్ధతిది, ఎక్కువ ఉందని మామూలు పైపులకే సరేననేలా ఉన్నావు, దయచేసి ఇంకో వారం ఆగు. ఆ రెండు కాగితాలూ ఒకే పనికి ఇచ్చినవి కావురా. సైఫనిక్ వాళ్ళు కప్పు మీది తూము నుంచి బయటి గోడ పక్క నీళ్ళు చేరే చాంబర్ (కట్టిన గుంత) దాకా అంతా రాశారు. రెండోవాళ్ళు నిలువు పైపు నేలకు తగిలే చోట ఆపేశారు. అక్కణ్ణించి గచ్చు కింద తవ్వకం, పెద్ద పైపులు, చాంబర్లు, మళ్ళీ పూడ్చి గట్టి చేయడం, ఇవన్నీ సివిల్ బిల్లులో వస్తాయి. అసలు డబ్బు అక్కడే పోతుంది.

ఎందుకో చెప్తాను. మామూలు పైపులో నీళ్ళు పైపు లోపలి గోడను పట్టుకుని జారతాయి, నిలువు పైపులో దాదాపు మూడో వంతే నీళ్ళు, మిగతాదంతా గాలి. అంటే గాలి కోసం కూడా పైపు కొంటున్నావన్నమాట. సైఫనిక్‌లో తూము మీద ఒక పలక ఉంటుంది, అది నీటి సుడిని ఆపి గాలి లోపలికి పోకుండా అడ్డుకుంటుంది. వాన పెరిగేకొద్దీ పైపు నిండుతుంది. నిండాక నిలువు పైపులో పడే నీళ్ళే కప్పు మీది నీళ్ళను లాగుతాయి, బండి ట్యాంకులోంచి పైపు పెట్టి పెట్రోలు తీసినట్టే. ఫిన్లాండ్‌లో ఒలావి ఎబెలింగ్ అనే ఇంజనీరు 1960ల చివర్లో దీన్ని కప్పుల కోసం తయారు చేశాడు. జోరువానలో ఆ పైపు కింద నిలబడి వింటే తెలుస్తుంది, ముందు గుడగుడమంటుంది, పూర్తిగా నిండగానే ఆ గుడగుడ పోయి ఒకటే హోరు.

నీ కప్పు 5000 చదరపు మీటర్లు కదా. గంటకు 100 మిల్లీమీటర్ల వాన లెక్కన సెకనుకు దాదాపు 139 లీటర్లు దిగాలి. సెకనుకు 12 లీటర్లు లాగే సైఫనిక్ తూములు మామూలుగానే దొరుకుతాయి, అలాంటివి 12 చాలు. అవన్నీ కప్పు కిందే అడ్డ పైపులతో కలిసి రెండు మూడు నిలువు పైపుల్లోకి పోతాయి, అవి కూడా బయటి గోడ దగ్గరే దిగుతాయి. అడ్డ పైపుకి వాలు అక్కర్లేదు. అదే మామూలు పద్ధతిలో నూటికి ఒకటి చొప్పున వాలు ఇవ్వాలంటే 60 మీటర్ల పైపు చివర 60 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. సరుకు పేర్చే ఎత్తు తగ్గుతుందని అందరూ నిలువు పైపులను లోపలి స్తంభాల వెంట దింపేస్తారు, దాంతో గచ్చు కింద అంతా కాలవలే. నేల గట్టి రాయి అయినా, నీరు ఊరే నేల అయినా ఆ తవ్వకం ఖర్చు ఎక్కడ ఆగుతుందో చెప్పలేం.

అలాగని సైఫనిక్ చవక అని మాత్రం అనను. ఒక్కో తూము ధర ఎక్కువే. పైపులోపల పీడనం వాతావరణం కంటే తగ్గుతుంది కాబట్టి నొక్కుకుపోని పైపే కావాలి, ఎక్కువగా హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ వాడతారు, అతుకులు వేడితో కరిగించి కలపాలి, ఆ పని తెలిసినవాళ్ళ కూలి వేరు. డిజైన్‌కీ విడిగా డబ్బు, ఎందుకంటే ప్రతి కొమ్మ పైపూ సమంగా లాగేలా సాఫ్ట్‌వేర్‌లో లెక్క కట్టాలి. పైపు నిండితే బరువు కూడా చూసుకోవాలి, 200 మిల్లీమీటర్ల పైపులో నీళ్ళ బరువే మీటరుకు 31 కిలోలు ఉంటుంది, ఈ మాట నీ స్ట్రక్చరల్ ఇంజనీరుకి ఇప్పుడే చెప్పు. ఇంకోటి, లెక్క కట్టిన వాన దాటితే సైఫనిక్ ఇక పెద్దగా ఎక్కువ లాగదు. పక్కన ఓవర్‌ఫ్లో దారి ఉండి తీరాలి. నీ కొటేషన్‌లో అది నాకెక్కడా కనపడలేదు, గట్టిగా అడుగు.

నాకు అసలు భయం కట్టేటప్పటి ఖర్చు గురించి కాదు, తర్వాతి సంగతి. నేను చూసుకునే ఒక షెడ్డులో ఆకులు తీయడానికి ఎక్కినవాళ్ళు పగిలిన పలక తీసేసి దాని బదులు ఉత్త జాలీ పెట్టారు. చూడ్డానికి శుభ్రంగానే ఉంది. తర్వాతి పెద్ద వానకి ఆ ఒక్క తూము గాలి పీల్చడంతో లైను మొత్తం పట్టు తప్పింది, గట్టర్ పొర్లి గోడ వెంట లోపలికి కారింది. ఆ రాత్రి అట్టపెట్టెలు చేతులతో మోశాం, కింది వరస తడిసి ముద్దయింది, నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే విడి పలకలు నాలుగు ముందే కొనిపెట్టు, వానాకాలం ముందూ మధ్యలోనూ కప్పు ఎక్కించి తూములు చూపించు, ఆ ఖర్చు ఏటా రాసుకో. రేపు షెడ్డు పొడిగించినా ఉన్న లైనుకి ఇంకో తూము అతికించనివ్వకు, లెక్కంతా తప్పుతుంది.

ముందున్న చిన్న ఆఫీసు గదులకు మాత్రం మామూలు పైపులే వేయించు. అంత చిన్న కప్పుకి సైఫనిక్ దండగ, అంత తక్కువ ఎత్తుకి సరిగ్గా పట్టుకోదు కూడా. రెండింటినీ ఒకే లైనులో కలుపుతామంటే ఒప్పుకోకు.

గోదాముకి మాత్రం నా మనసు సైఫనిక్ వైపే ఉంది, కానీ తవ్వకం లెక్క చూడందే ఖాయంగా చెప్పను. మామూలు పైపుల వాళ్ళని కూడా బయటి చాంబర్ దాకా కలిపి మళ్ళీ రాసివ్వమను. దాంతోపాటు నేల పరీక్ష రిపోర్టు, పునాది డ్రాయింగు నాకు పంపు. అవి రాగానే కూర్చుని లెక్క కట్టి నీకు ఫోన్ చేస్తాను.

నీ
నేస్తం