మాంకుల పేపర్ మినియేచర్లలో వెనక వైపు తప్పులు: ఫైల్ సరిచేయండి, లేదా డబ్బు వాపస్ ఇవ్వండి

నమస్తే,

మీ దగ్గర కొన్న మధ్యయుగపు మాంకుల (క్రైస్తవ సన్యాసుల) పేపర్ మినియేచర్ల, అంటే ప్రింట్ తీసి కత్తిరించి టేబుల్ మీద ఆటలో నిలబెట్టే కాగితపు బొమ్మల, పీడీఎఫ్ గురించి రాస్తున్నాను. ముందు వైపు బొమ్మలకు వంక పెట్టడానికి లేదు, ఎవరి ముఖం వాళ్లదే. గొడవంతా వెనక వైపుతోనే.

తెల్ల అంగీ మీద నల్ల స్కాపులర్ (భుజాల మీంచి ముందుకీ వెనక్కీ వేలాడే పొడవాటి గుడ్డ) వేసుకున్న సిస్టర్షియన్ని కత్తిరించి, మడిచి అతికిస్తే వెనక నుంచి నిలువెల్లా నలుపుతో బెనెడిక్టైన్ అయిపోతున్నాడు. టేబుల్‌కి ఇటు కూర్చున్నవాళ్లకి ఒక మఠం మనిషి, అటు కూర్చున్నవాళ్లకి ఇంకో మఠం మనిషి! మా ఆటలో కథే ఈ రెండు మఠాల తగువు, ఎవరు ఎటో చూడగానే తెలియాలనే కదా ఈ సెట్ కొన్నది. 1098లో ఫ్రాన్స్‌లోని సీటో మఠంతో మొదలైన సిస్టర్షియన్లు రంగు వేయని ఉన్ని తొడిగేవాళ్లు, అందుకే వాళ్లకి తెల్ల మాంకులని పేరు. ఆ ఒక్క గుర్తే పోతే ఇంకేం మిగిలింది?

కర్ర పట్టుకున్న ముసలాయన సంగతి ఇంకా ఘోరం. వెనక బొమ్మని అద్దంలోలా తిప్పి గీయాలి, మీరు తిప్పలేదు. ముందు గీత వెంట కత్తిరిస్తే వెనక కర్ర సగానికి తెగిపోతోంది, రెండో పక్కన ఉత్త తెల్లకాగితం కనిపిస్తోంది. ఆయనకే ముందు నుంచి చూస్తే నడినెత్తిన గుండు, వెనక నుంచి ఒత్తుగా జుట్టు. (సెట్‌లో మీరు పెట్టిన ఫ్రాన్సిస్కన్లు అసలు మాంకులే కాదు, ఊరూరా తిరిగే ఫ్రయర్లు. సరే, నడుముకి మూడు ముళ్ల తాడు సరిగ్గానే వేశారు కాబట్టి దాని జోలికి పోను.)

సైజు కూడా తేడానే. 28 మిల్లీమీటర్లని రాశారు, వచ్చింది 24. ప్రింటర్ సెట్టింగ్ చూసుకోమని మీ సపోర్ట్ వాళ్లు జవాబిచ్చారు గానీ, 'ఫిట్ టు పేజ్' తీసేసి 100 శాతంలోనే ప్రింట్ చేశాను, పేజీ మూలలో మీరే పెట్టిన స్కేలు గీత సరిగ్గా కొలతకి వస్తోంది, బొమ్మలే పొట్టిగా ఉన్నాయి. మరి తప్పు ప్రింటర్‌దెలా అవుతుంది?

వెనక బొమ్మలు, సైజు సరిచేసిన ఫైల్ ఈ వారంలో పంపండి. కుదరదంటే పూర్తి డబ్బు వాపస్ ఇవ్వండి, ఇంకో సెట్‌కి కూపన్ ఇస్తామంటే మాత్రం వద్దు. అతికించిన బొమ్మల ఫొటోలు, స్కేలు పక్కన పెట్టి తీసినవి, ఈ మెయిల్‌కి జత చేశాను.