ఢీకొట్టడం సరే, ముందు వెతకాలి కదా!

సంపాదకుడు గారికి,

గ్రహశకలాలను వ్యోమనౌకతో ఢీకొట్టి దారి మళ్లించడంపై గత వారం మీరు వేసిన వార్తకు 'ఇక భూమికి భయం లేదు' అని శీర్షిక పెట్టారు. ఊరుకోలేక రాస్తున్నాను. ఆ భరోసా మీకెవరిచ్చారు?

నాసా పంపిన డార్ట్ నౌక గొప్ప విజయమే, కాదనను. 2022 సెప్టెంబరులో సెకనుకు ఆరు కిలోమీటర్లకు పైగా వేగంతో వెళ్లి 160 మీటర్ల డైమార్ఫస్ అనే శకలాన్ని గుద్దింది. ఆ శకలం తనకంటే పెద్దదైన డిడిమస్ అనే శకలాన్ని చుట్టివచ్చే సమయం 11 గంటల 55 నిమిషాల నుంచి అరగంటకు పైగా తగ్గింది. నౌక కొట్టిన దెబ్బకంటే, ఎగజిమ్మిన రాళ్లూ ధూళీ వెనక్కి నెట్టిన నెట్టుడే ఎక్కువ పనిచేసిందట. మనిషి ఒక ఖగోళ వస్తువు గమనాన్ని కావాలని మార్చడం అదే మొదలు. చదివి నేనూ పొంగిపోయాను.

కానీ మారిన వేగమెంత? సెకనుకు మూడు మిల్లీమీటర్లు కూడా లేదు. అంత చిన్న తేడా భూమిని తప్పించేంత దూరంగా పెరగాలంటే ఏళ్లు పడుతుంది. కాబట్టి ఏ రాయి మీదికి రాబోతోందో ఏళ్ల ముందే తెలియాలి. అసలు సంగతి అదైతే, మీ వార్తలో దాని మీద ఒక్క వాక్యం లేదు!

140 మీటర్లు, అంతకు మించిన శకలాల్లో 90 శాతాన్ని 2020 కల్లా కనిపెట్టాలని అమెరికా కాంగ్రెస్ 2005లోనే చట్టం చేసింది. గడువు దాటేనాటికి సగం కూడా దొరకలేదు. ఈ పనికే తలపెట్టిన నియో సర్వేయర్ టెలిస్కోపుకు నిధులు కోసి, ప్రయోగాన్ని వెనక్కి జరిపారు. డార్ట్ దెబ్బను దగ్గరుండి చూడాల్సిన యూరప్ నౌకకు 2016లో డబ్బివ్వలేదు. దాని బదులు హెరా బయలుదేరేసరికి 2024 అక్టోబరు వచ్చింది. ప్రమాదం కళ్లబడితే తప్ప ఖజానా తెరవకపోవడం ఏ దేశపు పాలకులకైనా అలవాటైపోయింది. వరదలప్పుడూ చూశాం, మహమ్మారప్పుడూ చూశాం.

2013లో రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద పేలిన రాయి 20 మీటర్లదే. అద్దాలు పగిలి, సుమారు 1,500 మంది గాయపడ్డారు. సూర్యుడి వైపు నుంచి వచ్చింది కనుక ముందుగా ఎవరూ చూడలేదు. '2024 వైఆర్4' అనే శకలాన్నైతే భూమికి దగ్గరగా వచ్చి దాటిపోయిన రెండు రోజులకు గుర్తించారు. 2032లో అది ఢీకొనే అవకాశం మూడు శాతం దాటగానే పత్రికలన్నీ మొదటి పేజీలో హడలగొట్టాయి. ముప్పు లేదని తేలాక లోపలి పేజీలో నాలుగు ముక్కలతో సరిపెట్టాయి. పాఠకుడికి దక్కాల్సింది ఇదేనా?

ఈసారి రాసేటప్పుడు ఇంకెన్ని శకలాలు దొరకాల్సి ఉన్నాయో, ఆ టెలిస్కోపు ఎప్పుడు ఎగురుతుందో కూడా రాయండి. గడువు తప్పినవారిని పేరుపెట్టి అడగండి.

ఇట్లు,
మీ పాఠకుడు