సంతకాల పండగ సరే, మూడేళ్ల తర్వాత సంగతేంటి?

నెబ్రాస్కా విశ్వవిద్యాలయ అథ్లెటిక్ డైరెక్టర్ ట్రాయ్ డానెన్ గారికి,

నమస్కారం. చదువుకోడానికి లింకన్ వచ్చి, డిగ్రీతో పాటు ఈ అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి కూడా అంటించుకుని ఇక్కడే స్థిరపడిపోయిన తెలుగువాళ్లలో నేనొకడిని. శనివారం వస్తే ఎర్ర చొక్కా వేసుకుని మన హస్కర్స్ జట్టు ఆటకు మెమోరియల్ స్టేడియానికి బయల్దేరే బాపతు. ఈ ఉత్తరం మీకు ఎవరో ఒకరు చదివి చెప్పాల్సిందే, ఆ తిప్పలు తప్పవు.

డిసెంబరు వచ్చిందంటే హైస్కూల్ కుర్రాళ్లు ఏ కాలేజీ జట్టులో చేరతారో తేల్చి సంతకాలు పెట్టే రోజు ఒక పండగ. ఎవరికెన్ని స్టార్లు (కుర్రాడి సత్తాకు ఐదింటికి ఇచ్చే రేటింగ్), మన బ్యాచ్‌కి దేశంలో ఎన్నో ర్యాంకు అని ఒకటే హడావిడి. మా ఊళ్లలో కార్పొరేట్ కాలేజీలు కూడా మంచి మార్కులొచ్చిన పిల్లల్ని ఏరి తెచ్చుకుని ఫ్లెక్సీలు కడతాయి. కాకపోతే వాళ్లు ర్యాంకు వచ్చాక కడతారు, మనం చేరిన రోజే కట్టేస్తున్నాం.

హెడ్ కోచ్‌గా స్కాట్ ఫ్రాస్ట్ గారి హయాం మీరు రాకముందుది. అయినా గుర్తు చేయక తప్పదు. ఆయన తెచ్చిన బ్యాచ్‌లు చాలావరకు దేశంలో మొదటి పాతిక దగ్గర్లోనే ఉండేవి. ఫలితం 16 గెలుపులు, 31 ఓటములు. 2021లో మూడు గెలిచి తొమ్మిది ఓడాం. ఆ తొమ్మిదిట్లో ఒక్కటి కూడా తొమ్మిది పాయింట్ల కంటే ఎక్కువ తేడాతో ఓడింది కాదు. సీజన్ మొత్తం కూడితే ప్రత్యర్థుల కంటే మనమే ఎక్కువ పాయింట్లు చేశాం! చేతకాని కుర్రాళ్లను తెచ్చుకున్న జట్టు ఇలా ఓడదండీ. నేర్పాల్సింది నేర్పని జట్టే ఇలా ఓడుతుంది.

ఆ ఏడాది మిషిగన్ స్టేట్‌తో ఆట చూడండి. రెండో సగం మొత్తంలో మన డిఫెన్స్ వాళ్లను ఒక్క ఫస్ట్ డౌన్ (నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లడం) కూడా చేయనివ్వలేదు. 20-13తో ముందున్నాం, గడియారంలో ఇంచుమించు నాలుగు నిమిషాలు. పంట్ చేసి, అంటే బంతిని దూరంగా తన్ని, వాళ్లను వెనక్కి నెట్టేస్తే చాలు. మనవాళ్లంతా కుడివైపు పరుగెత్తారు, బంతి ఎడమవైపు వెళ్లింది. అవతలివాడికి ఎదురుగా ఖాళీ మైదానం, 62 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్. ఓవర్‌టైమ్‌లో ఓడిపోయాం. ఆ కుర్రాళ్లకు ఇంకో స్టార్ తగిలించినా బంతి కుడివైపు వెళ్లేది కాదు.

మరుసటి ఏడాది డబ్లిన్‌లో నార్త్‌వెస్టర్న్ మీద 28-17తో ఆధిక్యంలో ఉండి, ఎవరూ అడక్కుండానే ఆన్‌సైడ్ కిక్ (బంతి మళ్లీ మనకే దక్కాలని కొద్ది దూరమే తన్నే జూదం) కొట్టించారు. బంతి వాళ్లకు దొరికింది, ఆట 31-28తో వాళ్లదైంది. రెండు వారాల తర్వాత ఫ్రాస్ట్ గారికి దాదాపు కోటీ యాభై లక్షల డాలర్లిచ్చి పంపించేశారు. అక్టోబరు ఒకటి దాకా ఆగి ఉంటే అందులో సగంతో పోయేది. అంత తొందర పడ్డారంటే ఎంత విసిగిపోయారో అర్థం చేసుకోవచ్చు.

పక్క రాష్ట్రం అయోవా జట్టు రిక్రూటింగ్ ర్యాంకుల్లో సాధారణంగా మనకంటే కిందే ఉంటుంది. కానీ 2018, 2019, 2023, 2024ల్లో చివరి క్షణాల్లో ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్ని తెచ్చే మూడు పాయింట్లు) కొట్టి మనల్ని ఓడించింది వాళ్లే. వాళ్ల హెడ్ కోచ్ కర్క్ ఫెరెంట్జ్ 1999 నుంచి అక్కడే ఉన్నారు. మనం ఆ మధ్యలో 2003లో తొమ్మిది ఆటలు గెలిచిన కోచ్ సోలిచ్‌ను, 2014లో తొమ్మిది గెలిచిన పెలీనీని ఇంటికి పంపేశాం.

అసలు కుర్రాళ్లను సానబెట్టే ఈ విద్య మనదే కదా. 1969లో వ్యాయామ కోచ్ బాయిడ్ ఎప్లీ చేతికి వెయిట్ రూమ్ అప్పగించినప్పుడు, బరువులెత్తితే కుర్రాళ్లు మొద్దుబారిపోతారని భయపడే కోచ్‌లుండేవారు. మన పాత హెడ్ కోచ్ టామ్ ఆస్బార్న్ పాతికేళ్లలో 255 ఆటలు గెలిచారంటే, స్కాలర్‌షిప్ లేకుండా సొంత ఖర్చుతో చేరిన చిన్న ఊళ్ల కుర్రాళ్లను మూడు నాలుగేళ్లు సానబెట్టి దించడం అందులో సగం రహస్యం. ఇప్పుడు కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బివ్వొచ్చన్న హౌస్ కేసు ఒప్పందంతో జట్టుకు 105 మందే. ముందుగా వేటు పడింది ఆ వాక్-ఆన్‌ల, అంటే స్కాలర్‌షిప్ లేని కుర్రాళ్ల మీదే. 2025-26లో ఒక్కో విశ్వవిద్యాలయం తన ఆటగాళ్లతో పంచుకోడానికి 2.05 కోట్ల డాలర్ల దాకా వీలుండేది. అదంతా బంతి విసిరి ఆట నడిపించే పేరున్న క్వార్టర్‌బ్యాక్‌ల చుట్టూనే తిరుగుతుందేమోనని నా టెన్షన్.

రిక్రూటింగ్ మానేయమనడం లేదు. ఒహాయో స్టేట్ లాంటి జట్టు ముందు మంచి మనసుతో నిలబడలేం. కానీ ఐదు స్టార్ల క్వార్టర్‌బ్యాక్ డిలన్ రయోలా వచ్చిన రోజు ఊరంతా సంబరం, రెండేళ్లకే వేరే కాలేజీకి మారడానికి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ దారి పట్టాడు. ఎమెట్ జాన్సన్ మూడు స్టార్లతో వచ్చాడు, అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2025లో 1,451 గజాలు పరుగెత్తి మన లీగ్ బిగ్ టెన్‌లో అందరికంటే ముందు నిలిచాడు. అతనికి నేర్పిన కోచ్ జీతం గురించి ఎవరైనా ప్రెస్‌మీట్ పెట్టారా?

అందుకే నాలుగు మాటలు అడుగుతున్నాను. బోనస్‌లు బ్యాచ్ ర్యాంకును చూసి కాకుండా, మూడో ఏడు, నాలుగో ఏడు దాకా నిలిచి మెరుగుపడిన ఆటగాళ్లను చూసి ఇవ్వండి. లైన్ కోచ్‌లనూ, పంట్‌లూ కిక్‌లూ చూసుకునే స్పెషల్ టీమ్స్ కోచ్‌లనూ వేరే కాలేజీలు ఎత్తుకుపోకుండా డబ్బు పెట్టండి. ఆ 105లో కొన్ని చోట్లయినా నెబ్రాస్కా ఊళ్ల కుర్రాళ్లకు అట్టిపెట్టండి. వచ్చే డిసెంబరులో కొత్త సంతకాల జాబితాతో పాటు నాలుగేళ్ల కిందటి జాబితా కూడా బయటపెట్టండి: ఎవరు ఆడుతున్నారు, ఎవరు బెంచీ మీదున్నారు, ఎవరు వెళ్లిపోయారు, ఎందుకు వెళ్లిపోయారు.

1962 నుంచి ఆ స్టేడియంలో టికెట్లు అమ్ముడుపోని ఆట లేదు. మీరు జాబితా ఇచ్చినా ఇవ్వకపోయినా మేం కొంటాం, ఆ సంగతి మీకూ తెలుసు. తెలిసే ఇవ్వడం లేదేమోనని అనుమానం.

ఇట్లు,
లింకన్ నుంచి ఒక తెలుగు హస్కర్ అభిమాని