ధ్యానం పీరియడ్‌లో గురువు పటం ఎందుకు? తిరుపతి జిల్లా విద్యాశాఖాధికారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

సర్కారు బడిలో ధ్యానం చేయిస్తే మతబోధన అవుతుందా అన్నదానికి ఒక్క మాటలో జవాబు లేదు. కళ్లు మూసుకోవడం ఏ మతమూ కాదు. మూసే ముందు ఎవరికి దణ్ణం పెట్టించారు, తెరిచాక ఎక్కడికి రమ్మన్నారు అన్నది చూడాలి.

పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధన కూడదని రాజ్యాంగం 28(1) అధికరణ చెబుతోంది. తల్లిదండ్రుల సంతకాలు తీసుకుంటే చాలుననుకోవడం పొరపాటు. సమ్మతి మాట ఉన్నది 28(3)లో. అది గుర్తింపు పొందిన, ఎయిడెడ్ బడులకు పనికొస్తుంది. జిల్లా పరిషత్ హైస్కూల్లో నూరు సంతకాలున్నా మతబోధన చెల్లదు. మతబోధన జరగాలన్న షరతుతో పెట్టిన ధర్మనిధి బడులకు 28(2)లో మినహాయింపు ఉంది; దాన్ని మున్సిపల్ స్కూలుకు అంటగట్టకూడదు.

అమెరికాలోని న్యూజెర్సీలో 1970లలో ఐదు ప్రభుత్వ హైస్కూళ్లలో మహర్షి మహేశ్ యోగి నేర్పిన భావాతీత ధ్యానాన్ని ఐచ్ఛిక పాఠంగా పెట్టారు. పిల్లలు పళ్లు, పూలు, తెల్ల చేతిరుమాలు తేవాలి. గురువు పటం ముందు సంస్కృతంలో పూజ అయ్యాక మంత్రం ఇచ్చేవారు. పూజ జరిగింది ఆదివారం, బడి బయట. అయినా 1979లో అప్పీలు కోర్టు ఆ పాఠాన్ని తప్పుబట్టింది. కాలిఫోర్నియాలో 2015లో మరో అప్పీలు కోర్టు బడి యోగాను సమర్థించింది. అక్కడ ఆసనాల సంస్కృత పేర్లూ పోస్టర్లూ ముందే తీసేశారు. అవి మనల్ని కట్టేసే తీర్పులు కావు, ఎటు చూడాలో మాత్రం చెబుతాయి. పేర్ల దగ్గర మనకంత బెంగ అక్కర్లేదు, పద్మాసనం మనకు ఇంటిమాటే. తిరుపతిలో ‘గోవిందా’ అనడం పలకరింపు కూడా. అదే మాటను తరగతిలో అందరి చేతా పలికిస్తే అది పలకరింపు కాదు.

కాబట్టి పద్ధతి ఇలా ఉండనివ్వండి. ఐదు నిమిషాలు చాలు. బెంచీ మీదే కూర్చుని నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు అంకెలకు వదలాలి. ఊపిరి బిగబట్టించొద్దు, ఉబ్బసం ఉన్న పిల్లలు ఇబ్బంది పడతారు. కళ్లు మూస్తే బెదిరే పిల్లలుంటారు. నేలకేసి చూస్తే చాలు. మధ్యాహ్న భోజనం తర్వాత పెడితే సగం తరగతి నిద్రపోతుంది. ఉదయం ప్రార్థనకు అతికిస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి, తగాదా అక్కడే మొదలవుతుంది. మార్కులు పెరుగుతాయనో, మనసు కుదుటపడుతుందనో ఎవరూ హామీ ఇవ్వొద్దు: బ్రిటన్‌లో 85 బడుల్లో ఎనిమిది వేల పైచిలుకు పిల్లలతో ఇలాంటి ధ్యానంపై చేసిన పరీక్షలో, మానసిక ఆరోగ్యానికి మామూలు బోధన కంటే ఎక్కువ మేలేమీ కనబడలేదని 2022లో తేలింది.

వద్దన్న పిల్లను వరండాలోకి పంపడం శిక్షే. తన బెంచీలోనే లైబ్రరీ పుస్తకం చదువుకోనివ్వండి. తమ మత విశ్వాసం వల్ల జాతీయ గీతం పాడకుండా మౌనంగా నిలబడ్డ కేరళ పిల్లలను బడి నుంచి తీసేయడం తప్పని 1986లో సుప్రీంకోర్టు చెప్పింది కదా.

బయటి సంస్థల వాలంటీర్లు వస్తే, తరగతిలో చెప్పబోయే ప్రతి మాటా తెలుగులో రాసి వారం ముందే హెడ్మాస్టరుకు ఇవ్వాలి. మొదటి రోజు ఊపిరితో మొదలై, పదో రోజుకు పటమూ, ఆదివారం శిబిరం కరపత్రమూ రావడమే అసలు చిక్కు. క్లాస్ టీచరు గదిలోనే ఉండాలి. కాగితంలో లేని మాట వినిపిస్తే పీరియడ్ ఆపే అధికారం ఆ టీచరుకు ఉందని మీ ఉత్తర్వులోనే రాయండి. లేకుంటే ఎవరూ ఆపరు.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల ఉపాధ్యాయులం, న్యాయవాదులం కొందరం