మూడో తరగతి చేతికొచ్చిన బిడ్డకు

బిడ్డా,

నువ్వు పాఠాలు చెప్పే ఉట్నూరు వైపు బడిలో గోండు పిల్లలు, లంబాడా పిల్లలు, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఒకే గదిలో ఉన్నారని, మూడో తరగతిలో సగం మందికి చదవడం రాదని చెప్పావు. ఎవరికి ఎక్కడ రావట్లేదో తేలేదాకా పాఠం జోలికి వెళ్లకు.

డీఎస్సీకి వైయక్తిక భేదాలు చదివావు. పిల్లకూ పిల్లకూ మధ్య తేడాలు వ్యక్త్యంతర భేదాలు, ఒకే పిల్లలోని తేడాలు వ్యక్త్యంతర్గత భేదాలు. తరగతిలో మనం మరిచిపోయేది ఈ రెండోదాన్నే. చదువులో వెనకున్న పిల్ల లెక్కల్లో ముందుండొచ్చు. అందుకే తెలివైనవాళ్లు, మొద్దులు అని ఒక్కసారి విడదీశావంటే ఏడాదంతా తప్పు పాఠమే చెబుతావు.

ముందు ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చూడు. పల్లె పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వేలో 2005 నుంచి ప్రథమ్ సంస్థ వాడుతున్న పద్ధతి తేలిక. నాలుగు చిన్న వాక్యాల పేరా ఇవ్వు. మూడు తప్పులకు మించకుండా, వాక్యంలా చదివితే ఇంకాస్త పెద్ద కథ ఇవ్వు. పేరా రాకపోతే ఐదు పదాలు చదివించు, నాలుగు రావాలి. అవీ రాకపోతే ఐదు అక్షరాలు, అందులోనూ నాలుగు. అక్షరాలను వరసగా మాత్రం చూపించకు. వర్ణమాలను పాటలా అప్పచెప్పే పిల్ల, కలిపి చూపిస్తే మకూ యకూ తేడా చెప్పలేదు. మిగతా పిల్లలు వినేంత దగ్గర్లో ఉండకూడదు. విన్నది అప్పజెప్పేస్తారు, నీకేమో చదివినట్టు కనిపిస్తుంది.

కథ, పేరా, పదం, అక్షరం, వీటిలో ఏ మెట్టు మీద ఉందో తెలిస్తే సగమే తెలిసినట్టు. ఆ మెట్టు మీద ఎందుకు ఆగిందో చూడాలి. గుణింతం దగ్గర ఆగిన పిల్లతో పలక పట్టించకముందే నోటితో మెడ–మేడ, కొన–కోన, పడు–పాడు అనిపించు. వినికిడిలో తేడా తెలిస్తే గుర్తులు గుర్తుపట్టడమే మిగిలింది. వినికిడిలోనే తెలియకపోతే వారం పాటు నోటి పనే చేయించు. పు, ఫు, వు దగ్గర కొమ్ము మిగతా అక్షరాలకు పెట్టినట్టు పక్కన కాకుండా కింద నుంచి వస్తుంది. వాటిని విడిగా చూపించు.

వత్తుల దగ్గర ఆగేవాళ్లే ఎక్కువమంది ఉంటారు. "అమ్మ" చదివే పిల్ల "రాత్రి"ని "రాతిర" అంటుంది. గుడి త మీద కనిపిస్తోంది కాబట్టి ముందు "తి" అనేసి, కిందున్న రని తర్వాత పలుకుతోంది. తన కంటికి కనిపించిన వరసలోనే చదివింది పాపం. అలాంటప్పుడు తిట్టినా పదిసార్లు రాయించినా లాభం లేదు. ముందు త్ర చదివించి, దానికే దీర్ఘం పెట్టి త్రా, గుడి పెట్టి త్రి అనిపించు. అచ్చు చివర పలుకుతుందన్న సంగతి అప్పుడు పట్టుబడుతుంది. త, న, మ, య, ర, ల వత్తులకు అసలు అక్షరంతో పోలిక ఉండదు. ఆ ఆరింటికీ అట్టముక్కలు చేసుకో. మిగతా వత్తుల్లో చాలావాటిని పిల్లలే పోల్చుకుంటారు.

కూడబలుక్కుని చదివే పిల్ల వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతుంది. కొత్త పాఠం ఇవ్వకుండా అదే నాలుగు వాక్యాలు రోజుకు మూడుసార్లు, మూడు రోజులు చదివించు.

గోండీ, లంబాడీ ఇంటిభాషగా ఉన్న పిల్లల సంగతి వేరు. బొమ్మ చూపించి వాళ్ల భాషలోనే చెప్పమను. నీకు అర్థం కాకపోయినా, గుక్కతిప్పుకోకుండా చెబుతోందా, తడుముకుంటోందా తెలుస్తుంది. బాగా చెబితే ఆలోచనకు లోటు లేదు, తెలుగు మాటలే కావాలి. పాఠానికి ముందు అందులోని ఐదారు మాటలను వస్తువు చూపించి అనిపించు. పైతరగతి గోండు పిల్లను పక్కన కూర్చోబెట్టుకో. నోటికి రాని మాటను కంటితో చదివించడం ఆ పసివాళ్లకు అన్యాయం.

లెక్కల్లోనూ తప్పు జవాబునే చదవాలి. 52లోంచి 27 తీసేయమంటే ఒకరు 35 వేస్తారు, ఒకరు 26 వేస్తారు. 35 వేసిన పిల్ల ప్రతి వరసలో పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసింది. ఆమెకు పదేసి పుల్లల కట్టలిచ్చి, ఒకటి విప్పి ఒకట్లలో కలిపించు. 26 వేసిన పిల్లకు అప్పు తేవడం వచ్చు. 12 నుంచి వెనక్కి లెక్కపెట్టేటప్పుడు 12నీ ఒకటిగా లెక్కేసింది, అంతే. ఇద్దరికీ ఎర్ర ఇంటు పెట్టి ఒకే లెక్క మళ్లీ చేయిస్తే ఇద్దరికీ ఏమీ అందదు.

కళ్లతో నేర్చుకునే పిల్లలు, చెవులతో నేర్చుకునేవాళ్లు అని విడదీసే పట్టికలు శిక్షణల్లో కనిపిస్తాయి. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనోవైజ్ఞానికులు పరిశోధనలన్నీ తిరగేసి, అలా విడివిడిగా బోధించడానికి తగినంత ఆధారం లేదని తేల్చారు. ఆ పట్టికల మీద సమయం పోగొట్టుకోకు. నిజంగా కళ్లు, చెవులు చూడాల్సిన పిల్లలుంటారు. పుస్తకంలోది సరిగ్గా ఎక్కించుకుని, బోర్డు మీదిది మాత్రం తప్పులు రాసేవాళ్లు, చెవి కారేవాళ్లు, పిలిస్తే పలకనివాళ్లు. వాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టి, పేర్లు రాసి ఉంచు. బడి పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందం వచ్చినప్పుడు ముందుగా వాళ్లనే చూపించు.

ఎక్కడ ఆగారో దాన్నిబట్టి పిల్లల్ని గుంపులు చెయ్. గుంపులు మూడుకు మించనీయకు, ఒక్కదానివి చూసుకోలేవు. పదిహేను నిమిషాలు తరగతంతా కలిపి కథ, మాట. తర్వాత ఒక గుంపుతో నువ్వు కూర్చో, మిగతా రెండింటికీ తమంతట చేసుకునే పని ఇవ్వు. చదువు గుంపు వేరు, లెక్కల గుంపు వేరు. మూడు నాలుగు వారాలకోసారి మళ్లీ చూసి మార్చెయ్. మార్చని గుంపు ముద్రైపోతుంది, అమ్మానాన్నలూ ఆ పేరుతోనే పిలుస్తారు.

ఇంత చేసినా కొన్ని నెలలపాటు ఒక పిల్ల అక్షరం దగ్గరే ఆగిపోతే డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే ఇబ్బంది) అని నువ్వు పేరు పెట్టొద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఇలాంటివి నిర్దిష్ట అభ్యసన వైకల్యం పేరుతో ఉన్నాయి, దాన్ని నిర్ధారించాల్సింది నిపుణులు. నీ నోట్సుతో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రం వాళ్లను కలువు.

ఎవరెవరు ఎక్కడ ఆగారో చూసి రాసి పంపు. వత్తుల గుంపుకు పదాల పట్టీ ఇద్దరం కలిసి చేద్దాం.

అమ్మ